టీకాకు మించిన యాంటీబాడీలు

మా సంస్థలో ముప్ఫై ఏళ్లుగా మనుషుల సీనియారిటీ ఒక్కటే తగాదాలో ఉండేది. వాళ్ల ఒంట్లో తిరిగే యాంటీబాడీల సీనియారిటీ కూడా ఒకనాడు తేల్చాల్సి వస్తుందని ఉద్యోగంలో చేరినప్పుడు నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా నాన్న మాట విని బట్టల కొట్టు పెట్టుకునేవాణ్ణి.

మాది తుఫాను ఆశ్రయ భవనాల నిర్వహణ సంస్థ. సముద్రం ఒడ్డున ఊరూరా స్తంభాల మీద కట్టిన మేడలుంటాయి చూడండి, అవి మావే. గాలి లేచినప్పుడు అందులో జనం తలదాచుకుంటారు, గాలి లేనప్పుడు మేకలు. ఒక్కో భవనానికి ఒక కాపలా మనిషి, ఒక తాళంచెవి, ఒక రిజిస్టరు. నేను జిల్లా ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్, అంటే సిబ్బంది వ్యవహారాలు, చూస్తాను. పేరు వాసుదేవ పట్నాయక్. నాకు కోపం ఎక్కువని ఆఫీసంతా అంటుంది. ఆ ఆఫీసులో పనిచేసి కోపం రాని మనిషిని ఎవరైనా చూపిస్తే దండం పెడతాను.

మొగలిపేట భవనానికి కాపలా మనిషి సాసుబిల్లి పైడమ్మ. యాభై రెండేళ్లది, పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. ఆ ఏడాది మా జిల్లాకు ఒకే ఒక్క రెగ్యులర్ పోస్టు మంజూరైంది. ఆ ఒక్కరూ తప్ప మిగతా కాంట్రాక్టు వాళ్లందరినీ డిసెంబరు ఆఖరుకు ఇంటికి పంపేయాలని దాంతోపాటే ఉత్తర్వు వచ్చింది. చేరిన తేదీ ప్రకారం పైడమ్మదే మొదటి పేరు. రెండో పేరు మా ఆఫీసులోనే స్టోర్సు చూసే లీలామోహన్‌ది, అతను చేరి మూడేళ్లు. ఇందులో తేల్చడానికేముంది? ఫైలు కట్టి, ట్యాగు వేసి, సంతకానికి పెట్టాను.

సరిగ్గా అదే వారం హెడ్డాఫీసు నుంచి ఒక కాగితం దిగింది. కరోనా లాంటి జబ్బులు ఇంకా పోలేదు గనుక, ఆశ్రయ భవనాల్లో జనం మధ్య పనిచేసే సిబ్బందికి రోగనిరోధక శక్తి ఉండే విషయాన్ని దృష్టిలో ఉంచుకోవలెను అని అందులో ఒక ముక్క. అంతే. వేరే జిల్లాల్లో ఆ కాగితాన్ని ఫైలు చేసి టీ తాగారు. మా జాయింట్ డైరెక్టర్ తాడికొండ భుజంగరావు గారు మాత్రం దాన్ని మూడుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, నాలుగోసారి చదివారు.

భుజంగరావు గారికి టీకా అంటే మామూలు అభిమానం కాదు. జిల్లా అధికారుల్లో మొదటి టీకా ఆయనదే. చొక్కా చేతులు మడిచి, కళ్లు మూసుకుని ఉన్న ఆయన నిలువెత్తు ఫొటో మా వరండాలో ఇప్పటికీ ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు పోయిన అధికారి ఎవరో అనుకుని ఒక్క క్షణం ఆగి వెళతారు.

సిబ్బంది అందరికీ యాంటీబాడీల పరీక్ష చేయించాలని ఆయన ఉత్తర్వు వేశారు. మే నెలలో ఆఫీసు ఆవరణలో షామియానా వేసి, ఎస్తేరు అనే లాబ్ టెక్నీషియన్‌ను పిలిపించి, అందరి దగ్గరా తలో సీసా రక్తం తీయించారు. వారానికి పట్టిక నా బల్ల మీదికి వచ్చింది. లీలామోహన్‌కు మూడు వేల తొమ్మిది వందల యూనిట్లు. ఆ ఉత్తర్వు టైపు చేసింది అతనే కాబట్టి పరీక్ష తేదీ ముందే తెలుసు, సరిగ్గా రెండు వారాల ముందు మూడో డోసు వేయించుకున్నాడు. పైడమ్మకు రెండు వేల నూట నలభై. భుజంగరావు గారికి అరవై ఒకటి.

పట్టిక తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"ఒక కాంట్రాక్టు కాపలాదారుకు రెండు వేల నూట నలభై, జాయింట్ డైరెక్టర్‌కు అరవై ఒకటా? పట్నాయక్ గారూ, ఇది కేడర్ నిర్మాణానికే విరుద్ధం" అన్నారు.

లీలామోహన్‌కు ఇంకా ఎక్కువ ఉంది కదండీ అన్నాను. అతని ప్రతి యాంటీబాడీకీ సర్టిఫికెట్ ఉందన్నారు. మరి పైడమ్మ కూడా రెండు డోసులూ వేయించుకుందండీ అన్నాను. తాను కూడా రెండే వేయించుకున్నాననీ, రెండు డోసులకు అరవై ఒకటి రావాలి తప్ప రెండు వేలు ఎక్కడి నుంచి వస్తాయనీ ఆయన నిలదీశారు. ఎస్తేరును పిలిపించారు.

ఎస్తేరు పాపం ఓపికగా చెప్పింది. మన ఆఫీసు వాళ్లకు వేసిన టీకా వైరస్ పైనుండే ముల్లును ఒక్కదాన్నే ఒంటికి చూపిస్తుందట, అందుకని ముల్లును పట్టే యాంటీబాడీలే తయారవుతాయట. జబ్బు వస్తే మొత్తం వైరసే లోపలికి వస్తుంది గనుక దాని లోపలి సరుకును పట్టేవి కూడా తయారవుతాయట. ఆ రెండో రకం ఉన్నాయంటే ఆ మనిషికి ఎప్పుడో జబ్బు వచ్చి పోయిందన్నమాట. టీకావాళ్ల సంఖ్యలు ఇంచుమించు ఒక తీరున ఉంటాయనీ, జబ్బువాళ్లలో ఒకరికి కుప్పలుగా ఉంటే ఒకరికి చిటికెడే ఉంటాయనీ, జబ్బు వచ్చి తగ్గాక టీకా వేయించుకున్నవాళ్లకు తరచు అందరికన్నా ఎక్కువ ఉంటాయనీ వివరించింది. పైడమ్మకు రెండు రకాలూ ఉన్నాయి. ఏ రకమైనా నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, తగ్గినంత మాత్రాన రక్షణ పోయినట్టు కాదు అని కూడా చెప్పింది గానీ, అప్పటికే భుజంగరావు గారు వినడం మానేసి రాసుకోవడం మొదలుపెట్టారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఇస్తున్నాను.

"సిబ్బంది శరీరములందలి యాంటీబాడీలు ఇందుమూలముగా రెండు తరగతులుగా వర్గీకరించడమైనది. ఒకటి, టీకా ద్వారా, తేదీ, బ్యాచి నంబరు, అధీకృత సూది సహితముగా ప్రవేశించినవి. వీటిని ప్రత్యక్ష నియామకములుగా పరిగణించవలెను. రెండు, వ్యాధి ద్వారా, ఏ ఉత్తర్వూ లేకుండా ప్రవేశించినవి. వీటిని దొడ్డిదారి నియామకములుగా పరిగణించవలెను. సదరు రెండవ తరగతికి సీనియారిటీ వర్తించదు. టీకాకు మించి యాంటీబాడీలు కలిగియున్న సిబ్బంది, అవి తమకు ఏ మార్గమున సంక్రమించినవో ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

దీంతో ఆఫీసు రెండు ముక్కలైంది. టీకావాళ్లు ప్రత్యక్ష యాంటీబాడీల సంఘం పెట్టుకున్నారు. జబ్బు పడి లేచినవాళ్లు స్వార్జిత యాంటీబాడీల సంఘం పెట్టుకుని, మేం ఊపిరాడక సంపాదించుకున్నవాటిని దొడ్డిదారి అంటారా అని మధ్యాహ్నం భోజనాల వేళ నినాదాలిచ్చారు. రెండు సంఘాలూ ఒక ఫ్లాస్కులో టీ తాగడం మానేశాయి. రికార్డు రూము గుమస్తా ఎందుకైనా మంచిదని రెండింట్లోనూ చేరి, సంతలో ఎవరు దగ్గినా వెళ్లి పక్కన నిలబడేవాడు.

భుజంగరావు గారు ఆగలేదు. కేడర్‌ను బట్టి పరిమితి పెట్టారు. కాపలాదారుకు నలభై, జూనియర్ అసిస్టెంటుకు యాభై, నాకు అరవై. పరిమితికి మించినవాటిని పై అధికారికి బదిలీ చేసే విధానం తెలపమని ఎస్తేరుకు ఉత్తరం రాశారు. అలా వీలు కాదు సార్ అని ఆమె ఒక్క వాక్యంలో జవాబిచ్చింది. ఆయన దాని మార్జిన్‌లో "విధానము లేనట్లు కాక, నిధులు లేనట్లు భావించడమైనది" అని రాసి నాకు పంపారు. ఎక్కడ ఫైలు చేయాలో తెలియక రెండు రోజులు సొరుగులో పెట్టుకున్నాను.

ఏడో రోజున పైడమ్మ సంజాయిషీ ఇవ్వడానికి వచ్చింది. మెమోను మడతలు విప్పి నా బల్ల మీద పెట్టింది.

"ఏటి బాబూ ఇది? నాను దొంగతనం సేసినట్టు రాసినారంట. మా ఊరి పంతులుగారు సదివి సెప్పినారు."

ఆ జ్వరం ఎప్పుడొచ్చిందో చెప్పమన్నాను. కరోనా రెండో ఏడు మే నెలలో గాలివాన వచ్చింది కదా, అప్పుడంది. మూడు వందల మందిని లోపల పెట్టుకుందట. అందులో ఒక ముసలమ్మకు జ్వరం. ఎవరూ దగ్గరికి పోకపోతే ఈవిడే మూడు రోజులు గంజి తాగించింది. గాలి తగ్గినా ఊళ్లో నీళ్లు తీయక జనం లోపలే ఉన్నారు. అంతలో ఈవిడకు అంటుకుంది.

"ఒళ్లు కాలిపోతంటే నాను మందిలోకి ఎలగెల్తాను బాబూ? కింద నీళ్ల టాంకు కాడ గోనె పరుసుకుని పదకొండు రోజులు పడున్నాను. తాళంసెవి ఎదురుకర్ర సివరన కట్టి పైకందిస్తే ఆలే తీసుకునీవోరు, ఆలే ఏసుకునీవోరు. నాను పని ఒగ్గీసి ఎక్కడికీ ఎల్లనేదు. తలుపు నా కంటి ముందరే ఉండీది."

పదకొండు రోజులు అనగానే నా మొహం వేడెక్కింది. ఆ రోజుల్లో నేను ఆఫీసు నుంచి ఫోను చేశాను. ఎవరో ఎత్తి, పైడమ్మ లోపల లేదండీ అన్నారు. ఎక్కడుందని నేను అడగలేదు. హాజరు పట్టీలో పదకొండు గళ్లలో నా చేత్తోనే గైర్హాజరు అని రాశాను, రెడ్ ఇంకుతో. నాకు సిగ్గేసింది. ఆ సంగతి ఆవిడతో చెప్పలేకపోయాను. కూర్చోమని కుర్చీ లాగాను, ఆవిడ కూర్చోలేదు.

సంజాయిషీ రాసి లోపలికి పంపితే భుజంగరావు గారి తీర్పు పావుగంటలో వచ్చింది. జబ్బుతో డ్యూటీలో ఉండి ఉంటే అది ప్రజారోగ్యానికి భంగం, క్రమశిక్షణ చర్యకు అర్హం. హాజరు పట్టీ ప్రకారం గైర్హాజరు గనుక, సదరు వ్యాధి సెలవు మంజూరు కాకుండా పొందిన సొంత వ్యాధి, దానివల్ల వచ్చిన యాంటీబాడీలకు సంస్థతో సంబంధం లేదు. పట్టీలో ఆ రాత నా తప్పని లోపలికి వెళ్లి చెప్పాను. రికార్డు మనిషి కన్నా గొప్పది పట్నాయక్ గారూ అన్నారాయన. ఏదెలా ఉన్నా, పోస్టుకు కనీస అర్హత వెయ్యి యూనిట్లనీ, అంతకు పైన ఉన్నది ఈ అభ్యర్థులిద్దరికే గనుక వాళ్లకు కమిటీ సమక్షంలో తుది పరీక్ష జరిపి పోస్టు సంగతి తేలుస్తామన్నారు.

ఆ కమిటీకి ఉపాధ్యక్షుడు ఎవరన్నది తేలడానికి అయిదు నెలలు పట్టింది. అక్టోబరులో పరీక్ష జరిగింది. లీలామోహన్ మూడు వేల తొమ్మిది వందలు ఏడు వందల ఇరవైకి దిగింది. పైడమ్మ తొమ్మిది వందల నలభై. భుజంగరావు గారు ముప్ఫై మూడు. వెయ్యి దాటినవాడు జిల్లాలో ఒక్కడూ లేడు.

"ఇవన్నీ ఎక్కడికి పోయినట్టు? అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనట్టేగా?" అని ఆయన ఎస్తేరును అడిగారు.

"గైర్హాజరు కాదు సార్. పనైపోయాక కొన్ని పోతాయి. ఒంటికి మాత్రం గుర్తుంటుంది. ఆ వైరస్ మళ్లీ కనబడితే మళ్లీ చేసుకుంటుంది, ఈసారి ఇంకా తొందరగా."

"ఆ గుర్తుకు రిజిస్టరు ఉందా?"

"లేదు సార్."

"అయితే గుర్తు లేనట్టే."

తుది ఉత్తర్వు అలా వెలువడింది. అర్హులు ఎవరూ లేనందున పోస్టు ఖాళీగా ఉంచబడును. అర్హత లేని వ్యక్తుల చేతిలో ఆశ్రయ భవనాల తాళంచెవులు ఉండరాదు గనుక, అన్నీ జిల్లా ఆఫీసుకు స్వాధీనం చేయవలెను. పన్నెండు భవనాల చెవులూ సీలు వేసిన కవర్లలో వచ్చి భుజంగరావు గారి గదిలోని ఇనుప బీరువాలో చేరాయి. డిసెంబరు ఆఖరుకు ఇంకా రెండు నెలలుంది. పైడమ్మ కవరు ఇచ్చి వెళ్లిపోయింది.

పదహారో రోజున వాయుగుండం తుఫానుగా మారి మా వైపు తిరిగింది. పొద్దున తొమ్మిదికి భవనాలన్నీ తెరవమని పైనుంచి ఆదేశం. చెవులివ్వండి, జీపులు పంపిస్తాను అన్నాను. ఎవరికివ్వమంటారు, వెయ్యి దాటినవాళ్లు ఉన్నారా అని భుజంగరావు గారు తిరుగు ప్రశ్న వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. గొంతు చించుకుని ఏమన్నానో ఇక్కడ రాయను. స్వార్జిత సంఘం వాళ్లూ ప్రత్యక్ష సంఘం వాళ్లూ కూడా గుమ్మంలో నిలబడి విన్నారు, చాలా నెలల తర్వాత అందరూ ఒక్కచోట నిలబడింది అప్పుడే. చివరికి ఆయన, తాళంచెవుల సంరక్షకుడి హోదాలో తనకు తానే మినహాయింపు ఇచ్చుకుంటున్నట్టు నోటు రాసుకుని, బీరువా తీసి, పదకొండు కవర్లు జీపులకిచ్చి, సముద్రానికి మరీ దగ్గర గనుక మొగలిపేట కవరు తన జేబులో పెట్టుకున్నారు. నన్ను కూడా జీపెక్కమన్నారు.

దారిలో రెండు చోట్ల చెట్లు పడ్డాయి. చివరి మైలు మోకాలి లోతు నీళ్లలో నడిచాం. భుజంగరావు గారి గొడుగు మొగలి పొదల్లోకి ఎగిరిపోయింది, ఆయన దాని వెనకాల రెండడుగులు వేసి మానుకున్నారు. మూడింటికి భవనం దగ్గరకు చేరాం. ర్యాంపు ఎక్కి, ఆయన సీలు చింపి కవరు దులిపారు. అరచేతిలో తాళంచెవి పడింది. సగం చెవే. పళ్లున్న వైపు లేదు.

అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. పైడమ్మ చేరిన రెండో ఏడే ఆ చెవి తాళంలో విరిగిపోయింది. కొత్త చెవి కావాలని ఆవిడ పెట్టిన ఇండెంటు కాగితం పన్నెండేళ్లుగా నా సెక్షన్‌లోనే ఉంది. రిజిస్టరులో ఏ చెవి ఉందో ఆ చెవినే ఆవిడ బుద్ధిగా స్వాధీనం చేసింది.

భుజంగరావు గారు సగం చెవిని చూస్తుండగానే తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. హాలు నిండా జనం. ఉప్మా వాసన. మేకలు కూడా ఉన్నాయి. పైడమ్మ నడుముకు, ఊరి కమ్మరి అప్పట్లోనే కొత్త తాళంతో సహా చేసిచ్చిన నల్లటి ఇనుప చెవి వేలాడుతోంది. పొద్దున్నే తెరిచేసిందట.

లోపల ఎవరో గట్టిగా దగ్గుతున్నారు. భుజంగరావు గారు గుమ్మం బయటే వానలో నిలబడి, లోపలున్నవాళ్లలో పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎందరు అని అడిగారు. తన ముప్ఫై మూడు ఆయనకు గుర్తొచ్చిందని నాకు తెలుసు. ఆ క్షణంలో ఆయన మీద నాకు జాలి కూడా కలిగింది.

"మీ నంబరెంతో గాలికి తెల్దు బాబూ. ముందర లోనికి రండి" అంది పైడమ్మ, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతూ.

తల తుడుచుకోమని తన పొడి తువ్వాలు ఇచ్చింది. దగ్గే తాతను కిటికీ పక్కకు మార్చి తనే గంజి పట్టింది. హాల్లో ఖాళీ ఉన్నది ఆ తాత పక్కనే కాబట్టి జాయింట్ డైరెక్టర్ గారు రెండు రోజులూ అక్కడే కూర్చున్నారు.

అయిదో రోజుకు ఆయనకు జ్వరం వచ్చింది. టీకా వేయించుకుని ఉన్నారు గనుక వారంలో లేచి కూర్చున్నారు. నెల్లాళ్లకు ఆఫీసుకొచ్చి, మొదటి పనిగా ఎస్తేరును పిలిపించారు. ఆయనకు అయిదు వేల ఆరు వందలు, రెండు రకాలూ. పైడమ్మకు కనీసం ఒళ్లు వెచ్చబడలేదు గానీ, పరీక్ష చేస్తే ఆమెకూ నాలుగు వేల ఎనిమిది వందలు.

"నేను చెప్పిన గుర్తు ఇదే సార్" అంది ఎస్తేరు.

భుజంగరావు గారు తన అంకెను వరండాలో ఫొటో కింద పెద్ద అక్షరాలతో రాయించమన్నారు. అప్పటికి డిసెంబరు ఇరవై మూడు. నేను నా బల్ల దగ్గరికొచ్చి ఫైలు తీసి నోటు రాయడం మొదలుపెట్టాను. జీవితంలో అంత శ్రద్ధగా నేనెప్పుడూ నోటు రాయలేదు.

మొదటి పేరాలో ఇలా రాశాను. జాయింట్ డైరెక్టర్ వారి శరీరమందు టీకాకు మించిన యాంటీబాడీలు కనుగొనబడినవి. సర్క్యులర్ ప్రకారం అవి దొడ్డిదారి నియామకములు. వ్యాధి డ్యూటీలో సోకి ఉంటే క్రమశిక్షణ చర్య, డ్యూటీలో కాకపోతే అనుమతి లేకుండా హెడ్‌క్వార్టరు విడిచినట్లు. సంజాయిషీ కోరవలసిన అధికారి జాయింట్ డైరెక్టర్ వారే, ఇవ్వవలసినదీ వారే, తీర్పు చెప్పవలసినదీ వారే. మెమో సంతకానికి జతపరచడమైనది. రెండో పేరాలో, సదరు సర్క్యులర్‌ను ఉపసంహరించుకొన్నచో పై విషయం ఉత్పన్నం కాదనీ, అప్పుడు పోస్టు చేరిన తేదీ ప్రకారం భర్తీ అవుతుందనీ రాశాను. మూడో పేరా నా గురించి. పైడమ్మ పదకొండు రోజుల గైర్హాజరు నా పొరపాటు, ఆ రోజులు డ్యూటీగా పరిగణించి, నన్ను మందలించవలసిందిగా కోరాను.

ఆయన చదివారు. మంచినీళ్లు అడిగి తాగారు. మళ్లీ చదివారు.

"మీకు కోపం ఎక్కువని అంటారు పట్నాయక్ గారూ."

"అవునండి."

"రెండో పేరా, మూడో పేరా టైపు చేయించండి. మొదటిది చింపేయండి."

ఆర్డరు నేనే పట్టుకెళ్లాను. పైడమ్మ హాలుకు తాళం వేసి, ర్యాంపు మీది మేకలను తోలుతోంది. ఆర్డరు చదివి వినిపించాను. పోస్టు సంగతి ఒకసారి విని తలూపింది. పదకొండు రోజుల ముక్క మాత్రం మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఆ రెడ్ ఇంకు నాదేనని అప్పుడు చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది, నేను సముద్రం వైపు తిరిగాను.

"మరైతే బాబూ, ఆ యాంటీబాడీలు ఆపీసుకి అప్పజెప్పీయాలేటి?" అని అడిగింది.

అక్కర్లేదు, నీవే ఉంచుకో అన్నాను.

సంచీలోంచి కొత్త తాళంచెవి తీసి ఇచ్చాను. ఇండెంటు నంబరు, తేదీ, ఆఫీసు ముద్ర అన్నీ ఉన్న ఇత్తడి చెవి, పన్నెండేళ్ల తర్వాత మంజూరైంది. పైడమ్మ దాన్ని కళ్లకద్దుకుని తాళంలో పెట్టి తిప్పింది. తిరగలేదు. నేను కూడా తిప్పి చూశాను. నాకూ తిరగలేదు. ఆవిడ నడుముకున్న నల్ల చెవితో తలుపు తీసి, కొత్త దాన్ని భద్రంగా రిజిస్టరు పక్కన పెట్టి, అందినట్టు వేలిముద్ర వేసింది.